గంటా, గింటా?

ఆస్టినాబాద్ అన్న పేరు మొదటిసారి విన్నవాళ్లు ఓ క్షణం ఆగి మళ్లీ అడుగుతారు. ఆస్టిన్ ఏమో దొరల పేరు, ఆబాద్ ఏమో పారసీ తోక. మా అండమాన్‌లో ఇలాంటి అతుకులు ఊరూరా ఉన్నాయి. బ్రూక్షాబాద్, హెర్బర్టాబాద్, డాలీగంజ్, వింబర్లీగంజ్. ఫెర్రార్ అనే చీఫ్ కమిషనర్ పేరుకి గంజ్ తగిలిస్తే ఫెర్రార్‌గంజ్. కోటు కింద పంచె కట్టినట్టుంటాయి. పోర్ట్ బ్లెయిర్‌ని 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం చేశారు గానీ మా ఊరి కోటూ పంచె అలాగే ఉన్నాయి.

ఈ ఊళ్లో మా పక్కింట్లో మొన్న మార్చిలో ఒక తగువు జరిగింది. తగువుకి మూలం ఒక గోలీ.

ఇక్కడ ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అయినా ఫిబ్రవరి దాటిందంటే కుళాయి మొహం చూస్తూ కూర్చోవాల్సిందే. నీళ్లు రోజు విడిచి రోజు, ఒక్కోసారి మూడో రోజు. అదీ ఏ అపరాత్రో. వీధిలో ఎవరో ఒకరు "పానీ ఆగయా" అని కేకేస్తారు. ఆ కేకకి మెలకువ రానివాళ్ల డ్రమ్ములు ఖాళీ. అందుకని ఆ ఇంటి ఎనిమిదో తరగతి కుర్రాడు ఒక యంత్రం కట్టాడు. డ్రమ్ములో థర్మోకోల్ ముక్క, దాని మీద నిలబెట్టిన వెదురు పుల్ల. కుళాయి విప్పి పడుకుంటే, నీళ్లొచ్చి డ్రమ్ము నిండేకొద్దీ పుల్ల పైకి లేచి కొబ్బరిచిప్ప గరిటెని పక్కకి ఒరిగిస్తుంది. గరిటెలోని గోలీ పీవీసీ పైపులోకి దూకుతుంది. పైపు రెండు వంపులు తిరిగి కిటికీలోంచి గదిలోకి వస్తుంది. దాని చివర కింద బోర్లించిన స్టీలు పళ్లెం. టంగ్.

కుర్రాడి తల్లి బడిలో డ్రాయింగు చెబుతుంది. ఆమె మేనమామ, అంటే కుర్రాడికి తాత వరస, పబ్లిక్ వర్క్స్‌లో ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన తండ్రి సోంపేట వైపు నుంచి విశాఖపట్నం వచ్చి ఓడెక్కి ఇక్కడ దిగాడు. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వందకి పదముగ్గురి ఇంటి భాష తెలుగు. కాబట్టి తగువు తెలుగులోనే నడిచింది, విసుగు మాత్రం హిందీలో పలికింది. నేను అరుగు మీద టీ గ్లాసుతో కూర్చున్నాను. నన్ను పంచాయితీకి పిలిచింది ఎవరూ లేరు.

మావయ్య: ఏటే ఇది? అబర్దీన్ బజార్లో రెండు మూడొందలు పారేస్తే బజర్ ఇస్తాడు. తీగ ట్యాంకులో వేస్తే అదే కూస్తుంది.

మేనకోడలు: బజర్ ఎవరైనా కొనుక్కోవచ్చు మావయ్యా. గోలీ ఏ వంపులో ఆగిపోతుందో తెలుసుకోడానికి వాడు పైపుని నాలుగుసార్లు విప్పి కట్టాడు.

మావయ్య: అదే నా ఏడుపు. పరీక్షల ముందు నాలుగు రోజులు గోలీ వెనకాల తిరిగాడు. ఒక్క అడుగులో అయ్యే పనిని ఏడడుగులు చేసేవాణ్ణి మా రోజుల్లో ఏమనేవాళ్లమో తెలుసా?

మేనకోడలు: కాంట్రాక్టరు.

(టీ పొలమారింది నాకు. మావయ్య నా వంక చూసిన చూపుకి నవ్వు మింగాను.)

మేనకోడలు: కోప్పడకు. అమెరికాలో రూబ్ గోల్డ్‌బర్గ్ అని ఒకాయన ఉండేవాడు. ఇంజనీరింగు చదివి, శాన్‌ఫ్రాన్సిస్కోలో నీళ్లూ మురుగూ చూసే శాఖలో చేరాడు. అచ్చం నీ పనే. ఆర్నెల్లకి మానేసి పత్రికల్లో కార్టూన్లు వేసుకున్నాడు. ఆయన బొమ్మల్లో మూతి తుడుచుకునే యంత్రం ఒకటుంటుంది. సూపు చెంచా ఎత్తితే తాడు లాగుతుంది, తాడు లాగితే బిస్కత్తు ఎగురుతుంది, బిస్కత్తు కోసం చిలక గెంతుతుంది. ఇలా ఎక్కడెక్కడో తిరిగి చివరికి రుమాలు మూతికి తగులుతుంది. 1931లో వేశాడు. ఇవాళ్టికీ పిల్లలు అలాంటివి కట్టి పోటీలు పెట్టుకుంటారు.

మావయ్య: కాగితం మీద వేసుకుంటే నాకు పేచీ లేదు. బొమ్మకి ఎస్టిమేటు అక్కర్లేదు. చూసి నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. ఇది నా పెరట్లో ఉంది. నా పైపు ముక్కలు పోయాయి. రేపు ఇంకెవడో ఇలాగే గోడ కడతాడు.

మేనకోడలు: కట్టాడు. మీ శాఖవాడే కట్టాడు. చండీగఢ్‌లో నేక్‌చంద్ పబ్లిక్ వర్క్స్‌లో రోడ్డు ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం పాత ఊళ్లు కూల్చేస్తుంటే ఆ పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, సైకిలు తుక్కు ఏరుకుని, ఆఫీసయ్యాక రాత్రిళ్లు అడవి అంచున బొమ్మలు చేశాడు. 1957 ప్రాంతంలో మొదలుపెడితే దాదాపు పద్దెనిమిదేళ్లు ఎవరికీ తెలీదు. బయటపడ్డాక కూల్చేయాలా ఉంచాలా అని కొట్టుకుని, చివరికి 1976లో జనం చూడటానికి తెరిచారు. అదే రాక్ గార్డెన్.

మావయ్య: సర్కారు జాగాలో అనుమతి లేకుండా పద్దెనిమిదేళ్లు! నా కింద పనిచేస్తే మెమో ఇచ్చేవాణ్ణి.

మేనకోడలు: ఇచ్చి?

మావయ్య: ఇచ్చి... ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి చూపించేవాణ్ణేమో. అయినా మెమో మెమోయే.

ఇక్కడ ఆయన కొంచెం మెత్తబడ్డాడనుకుని నేను పొరబడ్డాను. మావయ్య అసలు బలం అప్పుడే బయటికి తీశాడు.

మావయ్య: నువ్వు చెప్పినవాళ్లంతా తీరుబడిగా ఉన్నవాళ్లు. నేనూ ఒకడి కథ చెబుతాను విను. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం. పోచంపల్లి చీరకి ఆసు పోయాలి. అర్ధచంద్రంలా దిగ్గొట్టిన పుల్లల చుట్టూ దారం అటూ ఇటూ తిప్పుతూ, ఒక్క చీరకి చెయ్యి 9,000 సార్లు ఆడాలి. రోజుకి రెండు చీరలంటే 18,000. వాళ్లమ్మ భుజం పోయింది. ఇంక నా వల్ల కాదంది. ఆ కుర్రాడు ఆరో తరగతి దాకా చదివాడో లేదో. 1992లో మొదలెట్టి ఏడేళ్లు పడ్డాడు. ఊరు నవ్వింది, చేబదులు ఇచ్చినవాళ్లు నవ్వారు. 1999లో యంత్రం తిరిగింది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరలో అయిపోయింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా తీశారు. ఇందులో నవ్వెక్కడుంది చెప్పు. నొప్పి ఉంది. కొత్త వస్తువు నొప్పిలోంచి పుడుతుంది గానీ ఇకఇకల్లోంచి పుట్టదు.

మేనకోడలు: నొప్పిలోంచే పుట్టింది, కాదనను. మరి ఆ యంత్రానికి ఆయన ఏం పేరు పెట్టాడు?

మావయ్య: లక్ష్మీ ఆసు యంత్రం.

మేనకోడలు: లక్ష్మి వాళ్లమ్మ పేరు. ఆసు యంత్రం అంటే సరిపోయేది కదా. భుజం నొప్పి తగ్గడానికి పేరుతో ఏం పని? యంత్రం తిరగడానికి ఎంత కావాలో అంతా అయ్యాక కూడా ఆయన దగ్గర ఇంకొంచెం మిగిలింది. నేను మాట్లాడేది ఆ మిగిలినదాని గురించి.

మావయ్య: మాటలు బాగా నేర్చావు.

మేనకోడలు: సరే, మాటల దగ్గరికే వద్దాం. మన సందు మొదట్లో కిరాణా కొట్టు బోర్డు ఏమంటుంది?

మావయ్య: నేడు నగదు, రేపు అరువు.

మేనకోడలు: ఎన్నేళ్లుగా?

మావయ్య: నేను పైజామాలు మానేసి ప్యాంట్లు తొడుక్కున్నప్పట్నుంచీ.

మేనకోడలు: ఆ బోర్డు ఒక్కరోజు కూడా అబద్ధం ఆడలేదు, ఒక్క రూపాయి అప్పు ఇవ్వలేదు. రేపు రా అంటుంది. రేపు వెళితే అది నేడు అయిపోతుంది. కరెంటక్కర్లేదు, నూనె అక్కర్లేదు, అరిగే పార్టు లేదు. ఇంతకంటే మంచి యంత్రం ఉందా ఈ ఊళ్లో? ఆ కొట్టాయనకి కావలసింది "అప్పు లేదు" అన్న ముక్కే. అది రాసుంటే మొహం మాడ్చుకుని వెళ్లిపోయేవాళ్లం. ఇది చదివి నవ్వుకుని డబ్బులు తీస్తాం.

(ఆ బోర్డు నేనూ వెయ్యిసార్లు చదివాను. దాన్ని ఇలా చదవలేదు. మావయ్య కూడా ఓ క్షణం సందు మొదటి వైపు చూశాడు.)

మావయ్య: బోర్డు మంచిదే. దాన్ని రాసినవాడు ఎవడో పేరు లేకుండా పోయాడు, అందుకే మంచిది. నాకు ఒళ్లు మండేది మీ వాట్సాప్ సూక్తులతో. పొద్దున్నే సూర్యుడి బొమ్మ, కింద కలాంగారు ఎన్నడూ అనని మాట, ఆ కింద ఆయన ఫోటో. ఆయన రామేశ్వరంలో పుట్టి రాకెట్లు చేసుకున్నాడు. ఈ రోజూ పొద్దున సూక్తుల కాంట్రాక్టు ఆయనకి ఎవరిచ్చారు? అది చదివి స్ఫూర్తి పొందానంటారు. స్ఫూర్తి పొంది మళ్లీ పడుకుంటారు.

మేనకోడలు: దీంట్లో నేను నీ పార్టీయే. నవ్వని సూక్తి నాకూ నచ్చదు. ఆటోల వెనక చూడు, "అందరూ బాగుండాలి" అని ఊరుకుంటే అది ఉపన్యాసం. "అందులో నేనుండాలి" అని చేర్చగానే మనిషి కనిపిస్తాడు. పెద్దమాట అనబోయి తన సంగతి గుర్తొచ్చి చివర్లో ఇరుక్కుని కూర్చున్న మనిషి. "నన్ను చూసి ఏడవకురా" అని లారీ మీద రాసుకున్నవాడి లారీ చూస్తే ఏడవడానికి ఏమీ ఉండదు. బంపరు తాడుతో కట్టి ఉంటుంది.

మావయ్య: ఉండవే. దారి తప్పించకు. నవ్వుకోడానికి చేసిన వస్తువు లోకానికి పనికొచ్చింది ఒక్కటి చూపించమన్నాను.

మేనకోడలు: ఇందాక అలా అనలేదు.

మావయ్య: ఇప్పుడంటున్నాను.

మేనకోడలు: సెల్యులార్ జైలు ముందు టూరిస్టులు కర్ర చివర ఫోను పెట్టుకుని తమ ఫోటో తామే తీసుకుంటారే, ఆ కర్ర. జపాన్‌లో మినోల్టా కంపెనీ ఉద్యోగి హిరోషి ఉయెదా 1980ల్లో చేశాడు. పెద్దగా ఎవరూ కొనలేదు. 1995లో పనికిమాలిన పనిముట్ల పుస్తకంలో దాన్ని నవ్వులాటకి వేశారు. ఆ పుస్తకం వెనక ఉన్నది కెంజీ కవకామి. అతను ఇలాంటి వాటికి చిందోగు అని పేరు పెట్టాడు, అంటే వింత పనిముట్టు. నూడుల్స్ ఊదే ఫ్యాను బిగించిన పుల్లలు, పాకే పసివాడి చొక్కాకి నేల తుడిచే కుచ్చులు. వాటికి నియమాలు కూడా ఉన్నాయి. నిజంగా చేసి చూపించాలి, అమ్మకూడదు, పేటెంటు తీసుకోకూడదు.

మావయ్య: ఆ కర్ర వచ్చాక జనం జైలు చూడటం మానేసి తమ మొహాలు చూసుకుంటున్నారు. ఇది నీకు సాయం చేసే ఉదాహరణ కాదు.

ఈ దెబ్బ గట్టిదే. నిజానికి ఆ కర్రకి ఉరికంబం గది దగ్గర ఏం పనో నాకూ ఎప్పుడూ తెలీలేదు.

మేనకోడలు: సరే, కర్ర నీకు వదిలేశాను. కప్పని తీసుకో. ఆంద్రె గైమ్ అని భౌతికశాస్త్రవేత్త. శుక్రవారం సాయంత్రం పనయ్యాక, ఏ ఫలితం వస్తుందో తెలియని పిచ్చి ప్రయోగాలు చేసేవాడు. ఒక శుక్రవారం పెద్ద అయస్కాంతంలో నీళ్లు పోశాడు. అంత ఖరీదైన యంత్రంలో నీళ్లు పోస్తే నువ్వేం చేస్తావు?

మావయ్య: మెమో.

మేనకోడలు: నీళ్లు కింద పడకుండా గాలిలో బంతుల్లా తేలాయి. అయస్కాంతం నీళ్లని చాలా కొద్దిగా తోస్తుందట. అయస్కాంతం మరీ బలమైనదైతే ఆ తోపు బరువుని ఎత్తేస్తుంది. కప్ప ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి 1997లో బతికున్న కప్పని తేల్చి చూపించాడు. దానికి 2000లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది. తర్వాత అదే పద్ధతిలో బల్లి పాదం చూసి ఒక టేపు చేశాడు. ఆ తర్వాత పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ మీద మామూలు అంటుకునే టేపు వేసి పీకుతూ పీకుతూ ఒక్క పరమాణువు మందం ఉన్న పొర తీశారు, అతనూ నోవోసెలోవ్ అనే కుర్రవాడూ కలిసి. 2010లో వాళ్లిద్దరికీ అసలు నోబెల్ వచ్చింది.

మావయ్య: ఎగిరిన కప్ప ఒకటి. ఎగరని కప్పలు లక్ష. వాటి సంగతి ఎవరూ చెప్పరు.

మేనకోడలు: ఎగరకపోతే ఏం? గట్టు మీదే ఉంటాయి. ఇంకోటి విను, ఇది మనవైపుదే. 2002లో ఇగ్ నోబెల్ గణితం కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లకి వచ్చింది. ఏనుగు ఒంటి ఉపరితలం ఎన్ని చదరపు మీటర్లో లెక్కకట్టే సూత్రం కనిపెట్టినందుకు.

మావయ్య నవ్వాడు. గట్టిగానే. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఈ దీవుల్లో అడవి దుంగలు ఏనుగులతో లాగించిన రోజులు ఆయన కళ్లారా చూశాడు.

మావయ్య: ఎలా కొలిచారట?

మేనకోడలు: ఎత్తు, ముందుకాలి పాదం చుట్టుకొలత, ఇలాంటివి రెండు మూడు కొలిస్తే మిగతాది సూత్రం చెబుతుందట.

మావయ్య: చెవులు? చెవికి రెండు వైపులూ లెక్కెయ్యాలి. మా గోడల సున్నానికే కిటికీలు తీసెయ్యడానికి తల ప్రాణం తోకకొచ్చేది. ఏనుక్కి మడతలు... పుండ్లకి మందు రాయాలంటే ఎంత పడుతుందో తెలియాలి కదా. నూనె పట్టించాలన్నా... ఏదీ, ఆ పెన్ను ఇలా ఇవ్వు.

ఆయన కుర్రాడి రఫ్ నోటు వెనక పేజీలో ఏనుగు గీశాడు. పొట్టకి ఒక పీపా, కాళ్లకి నాలుగు పైపులు. ఎస్టిమేట్లు వేసే చెయ్యి కదా, కొలతల గీతలు ముందు పడ్డాయి, తొండం తర్వాత వచ్చింది. మేనకోడలు ఏమీ అనలేదు. ఆ సమయంలో ఏమీ అనకపోవడమే ఆమె తెలివి.

కాసేపటికి ఆయనే, కాగితం మీంచి తలెత్తకుండా అన్నాడు.

మావయ్య: మీ అమ్మ పెళ్లికి నేనొక కోరు చేశాను, తెలుసా? కొబ్బరి కోరు. సైకిలు పెడలు తొక్కితే తిరిగేది.

మేనకోడలు: అమ్మ చెప్పింది. టిఫిన్ల వేళకి నలభై కాయలు కోరేసిందట.

మావయ్య: నలభై రెండు. చుట్టాలు పందిట్లో నిలబడి నవ్వారు. "కోరు ఇంజనీరు, బెల్లు కొట్టవయ్యా" అని. ఒక్కడు కూడా వంగి చూడలేదు ఎలా తిరుగుతోందో. ఆ రాత్రే ఊడదీసి చైను అమ్మేశాను. అందుకే చెబుతున్నా, వీడు రేపు దీన్ని బడికి పట్టుకెళితే...

మేనకోడలు: నువ్వు ఇందాక ఏనుగు మాటకి నవ్వావు. నవ్వి పెన్ను అడిగావు. వాళ్లు నవ్వి బెల్లు కొట్టమన్నారు. రెండూ ఒకటేనా?

ఆయన జవాబు చెప్పలేదు. నాకు అడిగే హక్కు లేదు గానీ, ఆ చైను ఎవరు కొన్నారో అడగాలనిపించింది.

మావయ్య: పేరేం పెట్టాడు దీనికి?

మేనకోడలు: వాడు గంట అంటున్నాడు. నేను గింట అంటున్నాను.

మావయ్య: గింటేంటి?

మేనకోడలు: మనం పనీ గినీ, పుస్తకం గిస్తకం అంటాం కదా. ఆ గి-మాటకి అర్థం లేదు, అసలు మాటకి పడే నీడ అది. పింగళి నాగేంద్రరావుగారు ఏం చేశారంటే 1957లో వచ్చిన మాయాబజార్ రాస్తూ ఆ నీడలకే ఒళ్లు తొడిగారు. కంబళి పక్కన గింబళి, తల్పం పక్కన గిల్పం. కౌరవుల విడిదిలో వేయించి, ఎక్కినవాళ్ల పని పట్టించారు. తెలుగువాళ్లు ఎన్ని వందల ఏళ్లుగా గిల్పం అన్నారో, ఒక్కడూ దాని మీద పడుకోవచ్చని అనుకోలేదు. ఆయన అనుకున్నాడు. మనవాడు మోగించింది కూడా అలాంటిదే. గంట కాదు, గంట పక్కది.

మావయ్య: గింట.

ఆ మాటని ఆయన నోట్లో వేసుకుని ఒకసారి నమిలాడు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్లి, పైపు దగ్గర వంగి, ఒక కన్ను మూసి చూశాడు. "వాలు చాలదు. రెండో వంపు దగ్గర గోలీ నిద్రపోతుంది," అని పైపు మొదటి కొస కింద పెంకు ముక్క ఒకటి దోపాడు. ఓడిపోయానని ఆయన అనలేదు. బజర్ కూడా కొంటానన్నాడు, అది వేరే సంగతి. మేనకోడలు పళ్లెం వెనక ఎర్రరంగుతో గింట అని రాసింది. కుర్రాడికి ఆ పేరు నచ్చలేదు.

ఆ రాత్రి మూడున్నరకి గింట మోగింది. రెండిళ్లకీ వినపడింది. నేను వెళ్లేసరికి మావయ్య రెండు చేతుల్లో రెండు బకెట్లతో కుళాయి ముందు నిలబడి ఉన్నాడు. కుళాయి పొడిగా ఉంది. కుర్రాడు టార్చి వేశాడు. ఒరిగిన కొబ్బరిచిప్ప గరిటె అంచున బల్లి కూర్చుని ఉంది.

నీళ్లు పొద్దున ఆరున్నరకి వచ్చాయి. అప్పటికి అందరం మేలుకునే ఉన్నాం. మావయ్య మాత్రం మంచం కింద గోలీ వెతుకుతున్నాడు.